బతికొచ్చిన తల్లి

హైమావతి తలుపు తీయలేదు.

ఉమాశంకర్ మళ్ళీ తట్టాడు. "అక్కా, ఎంతసేపని లోపల కూర్చుంటావు? మేము నీ మీదకి దొమ్మీకి రాలేదు. తలుపు తియ్యి."

లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిల్ల ఏదో అడుగుతోంది. హైమావతి గొంతు తగ్గించి ఏదో చెబుతోంది. 

"తట్టకండి," అంది నాగలక్ష్మి. "పిల్ల భయపడుతుంది."

ఆమె ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉంది. పెడన నుంచి బందరు, బందరు నుంచి అవనిగడ్డ, రెండు బస్సులు మారి వచ్చేసరికి ఆపరేషన్ చేసిన పక్క లాగుతోంది. పక్కటెముకల మీద చెయ్యి వేసుకుని, మరో చేత్తో ఒళ్ళోని గుడ్డసంచి పట్టుకుంది.

ఆమె అత్తగారు కొండమ్మ గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంది. తలుపు తడుతున్నది ఆమె కొడుకు. లోపల గడియ పెట్టుకున్నది ఆమె కూతురు. ఎవరి పక్షాన మాట్లాడాలో తెలియక దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదావిడ.

"బావ ఏడీ?" అనడిగాడు ఉమాశంకర్, ఎవరినీ ఉద్దేశించకుండా.

"డ్యూటీ లేకపోయినా వేయించుకుని వెళ్ళాడంట," అంది కొండమ్మ. "పొద్దున్న ఫోన్లో చెప్పింది. చూస్తూ నిలబడలేనన్నాడంట."

పాండురంగారావు అవనిగడ్డ డిపోలో కండక్టరు. పెళ్ళయిన నాటి నుంచి పిల్లల కోసం ఆ మొగుడూపెళ్ళాలు తిరగని ఆసుపత్రి లేదు, మొక్కని దేవుడు లేడు. కిందటేడు వాళ్ళకి ఒక కూతురు దొరికింది. ఆ కూతుర్ని ఇచ్చింది నాగలక్ష్మే.

తలుపు తెరుచుకుంది.

హైమావతి పిల్లని చంకనేసుకుని నిలబడింది. చంకనెక్కే వయసు దాటిపోయిన పిల్ల. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. నర్సరీ స్కూలు యూనిఫాంలో ఉంది, రెండు పిలకలు, నుదుట గుండ్రటి బొట్టు.

నాగలక్ష్మి లేచి నిలబడింది. లేచాక ఏం చేయాలో తెలియలేదు.

"అమ్మమ్మా," అంటూ ధన్విత చంక దిగి కొండమ్మ దగ్గరికి పరుగెత్తింది.

సొంత నాయనమ్మని అది అమ్మమ్మ అంటోంది. కొండమ్మ దాన్ని దగ్గరికి తీసుకుంది గాని, కోడలి వంక చూడలేకపోయింది.

"మావయ్య వచ్చాడు చూడు," అంది హైమావతి, ఉమాశంకర్‌ని చూపిస్తూ. కావాలని అన్న మాట కాదు. ఏడాదిగా అలవాటైన మాట. అన్నాక తనే తల దించుకుంది.

కన్నతండ్రి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఈవిడెవరు?" అని అడిగింది ధన్విత నాగలక్ష్మిని చూసి.



"అత్త," అంది నాగలక్ష్మి తనే. "పెడన అత్తని."

*

నాగలక్ష్మికి దగ్గులో రక్తం పడటం కిందటేడు ఎండల్లో మొదలైంది. మనిషి సగానికి సగం చిక్కిపోయింది. కలంకారీ అద్దకం చేసే ఇల్లు, రంగుల వాసనకి దగ్గేమోననుకున్నారు. బందరులో స్కాన్ తీయించాక డాక్టరు ఉమాశంకర్‌ని విడిగా పిలిచాడు. కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉంది, చూడ్డానికి క్యాన్సర్‌లాగే ఉంది, సూది గుచ్చి ముక్క తీసి పరీక్ష చేయించాలి, విజయవాడ తీసుకెళ్ళండి అన్నాడు.

నాగలక్ష్మి వెళ్ళనంది.

ఆమె తల్లి గుంటూరు ఆసుపత్రిలో క్యాన్సర్‌తోనే పోయింది. అప్పటికి నాగలక్ష్మి బడికి వెళ్ళే పిల్ల. జుట్టంతా ఊడి, నోరు పూసి, మంచినీళ్ళు కూడా మింగలేక పోయిన తల్లిని చూసింది. ఆమె పోయాక చాలా కాలం, గుడివాడ నుంచి వచ్చే ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి నిలబడేది, అమ్మ దిగుతుందేమోనని. తనకి ఏ మందూ వద్దంది. ఒకటే అడిగింది. తన కూతురు అలా బస్సుల దగ్గర నిలబడకూడదని.

అందుకే, పిల్లకి ఊహ తెలియకముందే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో దాన్ని తీసుకెళ్ళి హైమావతి ఒళ్ళో పెట్టింది.

ఆ తరువాత ఒక్కసారి కూడా అవనిగడ్డ రాలేదు. చావు కోసం ఎదురుచూస్తూ పెడనలో కూర్చుంది.

కార్తీక మాసంలో ఒకరోజు దగ్గు తెరలో గొంతు నిండా ఉప్పునీళ్ళు ఎగదన్నుకొచ్చాయి. నీళ్ళతో పాటు కోడిగుడ్డు లోపలి పొరలాంటి తెల్లటి ముక్కలు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక పడిపోయింది. స్పృహ లేని మనిషి వద్దనలేదు గనక, ఉమాశంకర్ విజయవాడ తీసుకెళ్ళాడు.

అక్కడ తేలింది, అది క్యాన్సర్ కాదని.

*

"కూర్చోండి," అంది హైమావతి. "కాఫీ పెడతాను."

"కాఫీ వద్దు వదినా."

"అంత దూరం నుంచి వచ్చి కాఫీ వద్దంటే ఎలా?"

"కాఫీకి రాలేదు కదా."

హైమావతి ఆగిపోయింది. కొండమ్మ పిల్లని తీసుకుని పెరట్లోకి వెళ్ళింది, జామచెట్టు చూపిస్తానని.

"ఆఖరి స్కానింగ్ అయింది," అంది నాగలక్ష్మి. "ఊపిరితిత్తి శుభ్రంగా ఉందన్నారు. బిళ్ళలు కూడా ఆపేశారు. ఇంక మామూలు మనిషినేనన్నారు."

"సంతోషం."

"ఫోన్లో చెబితే మీరు కట్ చేసేశారు."

"ఏడుపొచ్చింది. సంతోషానికే వచ్చిందో దేనికొచ్చిందో నాకే తెలీలేదు," అంది హైమావతి. "నువ్వు బతికావంటే నాకంటే సంతోషించినవాళ్ళెవరూ లేరు నాగలక్ష్మీ. ఆసుపత్రిలో నీ మంచం పక్కన కింద పడుకున్నది నేను కాదా? నీ గొట్టాలూ, నీ బట్టలూ అన్నీ చూసింది నేను కాదా?"

"మీరే వదినా. నా కన్నతల్లి ఉన్నా అంత చేసేది కాదు."

"మరి నా నోటి దగ్గర కూడు లాక్కోవడానికి ఎలా వచ్చావు?"

ఉమాశంకర్ మధ్యలోకి వచ్చాడు. "అక్కా, అలా మాట్లాడకు."

"నువ్వు నోరు మూసుకోరా. నీ సంగతి తరవాత."

హైమావతి కుర్చీ లాక్కుని నాగలక్ష్మికి ఎదురుగా కూర్చుంది. "అసలు రోగం పూర్తిగా పోయిందని నమ్మకం ఏమిటి? పురుగన్నారు. ఒంట్లో పురుగున్న మనిషి ఒళ్ళో పసిపిల్లని పెట్టమంటావా? రేపు దానికి అంటుకుంటే?"

నాగలక్ష్మి ఒళ్ళోని సంచి దగ్గరికి లాక్కుంది. ఈ మాట పెడనలో చాలా మంది అన్నారు. ఆమె తాగిన గ్లాసు పక్కన పెట్టినవాళ్ళున్నారు. కానీ వదిన నోటి వెంట వస్తుందనుకోలేదు.

"అంటుకోదు వదినా," అంది మెల్లగా. "శశిధర్ డాక్టరు గారు చెప్పేటప్పుడు మీరు పక్కనే ఉన్నారు."

అవును, ఉంది. ఆపరేషన్ చేసిన శశిధర్ డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. అది కుక్క పేగుల్లో ఉండే చిన్న పురుగు. దాని గుడ్లు కుక్క మలంలో బయటికొస్తాయి, కుక్క బొచ్చుకి అంటుకుంటాయి. చేతుల ద్వారానో తిండి ద్వారానో మనిషి కడుపులోకి వెళితే, కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో నీటితిత్తిలా పెరుగుతాయి. ఏళ్ళ తరబడి నిదానంగా, నొప్పి లేకుండా పెరుగుతాయి. తిత్తి చిట్లి లోపల చీము పడితే స్కానులో క్యాన్సర్ గడ్డలాగే కనిపించవచ్చు. మనిషి నుంచి మనిషికి రాదు.

చిన్నప్పుడు ఇంట్లో కుక్కని పెంచారా అని ఆయన అడిగినప్పుడు, నాగలక్ష్మి తండ్రి నరసింహం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గుడివాడ అవతల ఆయనకి గొర్రెల మంద ఉండేది. మందకి కాపలా ఒక కుక్క. గొర్రెని కోసినప్పుడల్లా పేగులూ తిత్తులూ దానికే పడేసేవాళ్ళు. తల్లి పోయిన పిల్ల ఆ కుక్కని కావలించుకుని పడుకునేది. పిల్లకి అదే తోడని ఎవరూ అడ్డు చెప్పలేదు.

"సూది గుచ్చకపోవడం మీ అదృష్టం," అని కూడా అన్నాడు డాక్టరు. "తిత్తి అని తెలియకుండా గుచ్చితే ఆ నీళ్ళు లోపల చిమ్మి ప్రాణం మీదకి వచ్చుండేది."

దాన్ని అదృష్టమనాలో ఏమనాలో నాగలక్ష్మికి ఇప్పటికీ తెలియదు.

 హైమావతి చేతులతో మొహం రుద్దుకుంది.

"తెలుసు," అంది. "అంటుకోదని తెలుసు. ఏదో ఒకటి అనాలని అన్నాను."

*

పెరట్లోంచి పిల్ల నవ్వు వినిపించింది. ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు. ఒకేసారి తల తిప్పేసుకున్నారు.

"నేను చచ్చిపోతానని ఇచ్చాను వదినా," అంది నాగలక్ష్మి. "బతుకుతానని తెలిస్తే ఇచ్చేదాన్నా?"

"స్వామి ముందు నా ఒళ్ళో పెట్టినప్పుడు ఆ మాట అన్నావా? ఒకవేళ బతికితే మళ్ళీ నాకిచ్చెయ్యమన్నావా?"

"అనలేదు."

"నన్ను అమ్మా అని పిలిపించమన్నదెవరు?"

"నేనే."

"అది రాత్రుళ్ళు నీకోసం ఏడ్చిన రోజులున్నాయి. ఒక్కసారి ఫోన్లో నీ గొంతు వినిపిస్తానంటే వద్దన్నదెవరు?"

"నేనే."

"నీ ఫోటోలు తీసెయ్యమన్నదెవరు? నేను దాచుకుంటానంటే, దాచద్దు వదినా, చూస్తే అడుగుతుంది అన్నావు. అడిగితే ఏం చెప్పాలో నేర్పింది కూడా నువ్వే. నేను నువ్వు చెప్పినట్టే చేశాను. నెలల తరబడి చేశాను. అది ఏడవడం మానేసిన రోజు నేనొక్కదాన్నే కూర్చుని ఏడ్చాను, నిన్ను మర్చిపోయిందే అని. నీకు తెలుసా?"

నాగలక్ష్మి తల ఊపింది. తెలుసో తెలియదో చెప్పలేని ఊపు.

"మర్చిపోవాలనే కోరుకున్నాను," అంది. "అది అంత తొందరగా మర్చిపోతుందని మాత్రం అనుకోలేదు."

ఆ మాటకి హైమావతి కోపం జారిపోయింది.  వీధిలో చేపల బుట్టావిడ కేక వేసుకుంటూ వెళ్ళింది.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు," అంది హైమావతి. ఈసారి తమ్ముడి వైపు తిరిగింది. "నీ పెళ్ళాంతో చెప్పావా, ఆసుపత్రిలో నాతో ఏమన్నావో?"

ఉమాశంకర్ కిటికీ దగ్గరికి జరిగాడు.

"ఏమన్నారు?" అంది నాగలక్ష్మి.

"ఇప్పుడెందుకక్కా అది."

"ఇప్పుడే కావాలి. చెప్పు."

"ఏమన్నారండీ?"

 హైమావతే చెప్పింది. "నిన్ను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. క్యాన్సర్ కాదు, బతికే అవకాశం ఉందన్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వీణ్ణి అడిగాను. నాగలక్ష్మి బతికితే పిల్లని తీసుకెళ్ళిపోతారా అని. ఎప్పటికీ తీసుకెళ్ళం అక్కా, అది నీ కూతురే అన్నాడు. చేతిలో చెయ్యేసి అన్నాడు."

నాగలక్ష్మి భర్త వైపు చూసింది. ఏడాదిగా ఆమెకి అన్నం తినిపించి, వీపు నిమిరి, దగ్గు వస్తే గిన్నె పట్టిన మనిషి. బస్సులో ఇప్పటిదాకా పక్కనే కూర్చుని వచ్చిన మనిషి.

"అన్నారా?"

"అన్నాను."

"నేను తీసుకొద్దాం పదండంటే సరేనన్నారు. నిన్న ఫ్రాకు కుడుతుంటే చూశారు. అప్పుడూ చెప్పలేదు."

"ఎలా చెప్పను నాగా? అప్పుడు అక్క అలా ఏడుస్తోంది. నువ్వు లోపల ఉన్నావు. నీకేమవుతుందో తెలీదు. నా ముందున్న మనిషి ఏడుపైనా ఆపగలిగితే చాలనిపించింది. అన్నాను. నువ్వు లేచాక నీ ఏడుపు చూశాను. నీకూ సరేనన్నాను."

"ఇద్దరికీ సరేనన్నారు."

"అన్నాను," అన్నాడతను. 

*

ధన్విత లోపలికి పరుగెత్తుకొచ్చింది, చేతిలో పచ్చి జామకాయతో. నాగలక్ష్మి ఒళ్ళో ఉన్న సంచి మీద దాని చూపు పడింది.

"అందులో ఏముంది అత్తా?"

నాగలక్ష్మి సంచిలోంచి ఫ్రాకు తీసింది. ఉమాశంకర్ చేత్తో అచ్చులద్దిన గుడ్డ. ఎర్రటి చిలకలు, అంచున నల్లటి తీగ. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"నాకేనా?"

"నీకే."

ధన్విత జామకాయ కింద పెట్టి చేతులు పైకెత్తింది. నాగలక్ష్మి ఫ్రాకు తొడిగింది. తల పట్టింది. భుజాల దగ్గర ఆగిపోయింది. ఇంకాస్త లాగబోయి, పిల్ల అబ్బా అనేసరికి వదిలేసింది. తనకి గుర్తున్న కూతురి కొలతలతో కుట్టింది. ఎదిగిన కూతురి కొలతలు ఆమెకి తెలియవు.

హైమావతి వచ్చి మెల్లగా ఫ్రాకు తప్పించింది. పిలకలు సవరించింది. 

ధన్విత ఫ్రాకుని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది బుజ్జి పాపది," అంది. "ఆ పాప ఎక్కడుందత్తా?"

నాగలక్ష్మి ఫ్రాకు తీసుకుని మడత పెట్టింది. విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

అప్పుడు కొండమ్మ నోరు విప్పింది. గుమ్మంలో నిలబడి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది. "ఒకత్తి నా కడుపున పుట్టింది. ఒకత్తి నా ఇంటికి దీపం పెట్టింది. మీరిద్దరూ నన్ను తీర్పు అడగకండమ్మా. నా వల్ల కాదు."

"ఎవరూ అడగట్లేదు అత్తయ్యా," అంది నాగలక్ష్మి.

లేచింది. పక్క పట్టుకుని, నిలదొక్కుకుంది.

"మీరు అత్తయ్యని తీసుకుని పెడన వెళ్ళిపోండి," అంది భర్తతో. "నేనిక్కడే ఉంటాను."

"ఇక్కడంటే?"

"వదినా, వెనక గదిలో ఉంటాను. పిల్లని అడగను. అత్తనని చెప్పండి చాలు. అన్నం పెడతాను, తలదువ్వుతాను. అది ఎప్పటికైనా నా దగ్గరికి తనంతట తను వస్తే వస్తుంది. లేదంటే లేదు."

హైమావతి ఆమెను చాలాసేపు చూసింది. ఎన్నాళ్ళనుంచో భయపడుతున్నదేదో ఎదురుగా వచ్చి నిలబడితే చూసినట్టు చూసింది. తరవాత లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడు వినిపించింది.

తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో ఒక బ్యాగు ఉంది. పిల్ల గౌన్లు కుక్కేసి, జిప్పు కూడా సరిగ్గా వెయ్యలేదు.

"తీసుకెళ్ళిపో," అంది.

"వదినా..."

"నువ్వు ఈ ఇంట్లో ఉండొద్దు. ఇవాళ తలదువ్వుతావు. రేపు అన్నం తినిపిస్తావు. ఎల్లుండి అది నీ పక్కలో పడుకుంటానంటుంది. రోజుకింత, రోజుకింత దాన్ని పోగొట్టుకుంటూ నేను బతకలేను. పోయేదేదో ఒక్కసారే పోనీ. ఇప్పుడే తీసుకెళ్ళిపో. వాళ్ళ నాన్న డ్యూటీ దిగి వచ్చేలోపు వెళ్ళిపోండి. ఆయన ఉంటే నేను పంపలేను."

ఉమాశంకర్ వీధిలోకి వెళ్ళాడు. అక్క మనసు మారకముందే వెళ్ళాడో, అక్కడ నిలబడలేక వెళ్ళాడో అతనికే తెలియదు. ఆటో ఆగిన చప్పుడు వినిపించింది.

ధన్విత బ్యాగు వంక చూసింది. జిప్పు సందులోంచి తన గౌనే కనిపిస్తోంది. హైమావతి దగ్గరికి వెళ్ళి కుచ్చిళ్ళు పట్టుకుంది.

"అమ్మా, నేనేం చేశాను?"

హైమావతి పైకి చూస్తూ నిలబడింది.

"పాలు తాగేస్తానమ్మా. ఇంక పారబొయ్యను."

కొండమ్మ అక్కడే కూలబడిపోయింది.

హైమావతి వంగింది. కుచ్చిళ్ళు పట్టుకున్న పిడికిలిని ఒక్కొక్క వేలే విప్పింది. ఆ చేతిని తీసుకెళ్ళి నాగలక్ష్మి చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

చిన్న చెయ్యి. జామకాయ పసరుతో జిగటగా ఉంది. చచ్చిపోతాననుకున్న రోజుల్లో నాగలక్ష్మి దేవుణ్ణి అడగడానికి కూడా భయపడిన చెయ్యి ఇదే. ఇప్పుడది ఆమె గుప్పిట్లో ఉంది. విడిపించుకోవాలని గింజుకుంటోంది.

"రా నాగా," అన్నాడు ఉమాశంకర్ బయట నుంచి. "ఆటో వచ్చింది."

ధన్విత గట్టిగా ఏడవడం లేదు. నాగలక్ష్మి మొహంలోకి చూసి, పరాయివాళ్ళని బతిమాలినట్టు బతిమాలుతోంది.

"నన్ను మా అమ్మ దగ్గర ఉంచెయ్యవా అత్తా?"